నాలుగంటే నాలుగు బైట్లే

మా కర్నూలు కాలేజీ ల్యాబులో ఉన్నది ఒకే ఒక లైనక్స్ సర్వరు. 16 జీబీ మెమరీ, దాన్నే నమ్ముకున్న అరవై మంది విద్యార్థులు. నిన్న ఒక కుర్రవాడి ప్రోగ్రాము ఆ మెమరీలో ముప్పాతిక వంతు మింగేయడంతో, విద్యార్థుల గ్రూపుకు హద్దు పెట్టమని మా విభాగాధిపతి గారు ఫోనులో ఆదేశించారు. "ఐదు నిమిషాల పని కదండీ" అన్నారు. తాను చేయనవసరం లేని పనులన్నీ ఆయన దృష్టిలో ఐదు నిమిషాలవే.

లైనక్స్‌లో సేవలనూ మెమరీ హద్దులనూ చూసుకునే సిస్టమ్‌డీకి గ్రూపు పేరు చెబితే చెవికెక్కదు. యూజరుకొక స్లైసు, అంటే వాటా, చొప్పున లెక్క కడుతుంది. అరవై స్లైసులకు విడివిడిగా రాసే ఓపిక లేక, వాటన్నిటికీ పైనుండే యూజర్ స్లైసుకే 4 జీబీ హద్దు పెడదామనుకుని, ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరులోకి వెళ్లే దారి) ద్వారా చేరి, సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీ ఆదేశం చివర మెమరీమాక్స్=4 అని కొట్టి ఎంటర్ నొక్కాను. ఆ నాలుగు పక్కన ఉండవలసిన 'జీ' నా వేలికి తగల్లేదు. ప్రమాణం చెప్పకపోతే సిస్టమ్‌డీ దాన్ని బైట్లుగానే తీసుకుంటుంది.

నాలుగు బైట్లు! అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'అ' రాయడానికి 3 బైట్లు పడతాయి కనుక, అరవై మందికీ నాకూ కలిపి నేను మంజూరు చేసింది ఒక 'అ', దానిపై ఒక బైటు కొసరు. 'అయ్యో' అనుకోవాలన్నా 15 బైట్లు కావాలి. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెలు మెమరీని 4096 బైట్ల పేజీల్లో కొలిచి, పేజీకి తక్కువైనదాన్ని వదిలేస్తుంది కాబట్టి ఆ కొసరుతో సహా అంతా సున్నా అయింది. మా మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు నాలుగు కావాలంటే, కిలోలా, బస్తాలా అని హమాలీ సైతం అడుగుతాడు; ఇంత చదువుకున్న సిస్టమ్‌డీకి ఆ సందేహమే రాలేదు.

నా సెషను కూడా ఆ స్లైసులోదే కనుక తక్షణమే తెగిపోయింది. ఎస్‌ఎస్‌హెచ్ సేవ మాత్రం సిస్టమ్ స్లైసులో క్షేమంగా ఉండి, ఎంతో మర్యాదగా పాస్‌వర్డు అడిగి, సరిచూసుకుని, పెళ్లివారు గుమ్మంలో పన్నీరు చల్లి పెరటి దారిన గెంటేసినట్లుగా నన్ను బయటికి నెట్టింది. ఏడుసార్లు అదే మర్యాద జరిగింది. ఎనిమిదోసారి కావాలనే తప్పు పాస్‌వర్డు కొడితే, మళ్లీ ప్రయత్నించమంటూ నాతో కాస్త ఎక్కువసేపే మాట్లాడింది.

తినబోతున్న ఉగ్గాని, బజ్జీలు వదిలేసి కాలేజీకి పరుగెత్తాను. సర్వరు గది తాళంచెవి అటెండరుతో పాటు కల్లూరులో ఉంది. అది వచ్చాక సర్వరును ఆపి మళ్లీ వేశాను. రన్‌టైమ్ అనే ఐచ్ఛికం జోడించకుండా ఇచ్చిన హద్దు డిస్కులో రాసిపెట్టబడుతుందని, రీబూట్ తర్వాత కూడా ఆ నాలుగు బైట్లు కొలువుదీరి ఉండడం చూశాక గాని గుర్తురాలేదు. చివరికి రెస్క్యూ మోడ్‌లో, అంటే మరమ్మతుల కోసం సర్వరును తెరిచే పద్ధతిలో, ఆ హద్దు రాసి ఉన్న ఫైలును తొలగించి వచ్చాను.

రాత్రి విభాగాధిపతి గారి సందేశం: "హాస్టల్ సర్వరుకు కూడా ఇలాగే పెట్టండి." ఏ సర్వరుకూ పెట్టలేదని ఆయనకింకా చెప్పలేదు. ఇది రాస్తూ చూశాను, ఆ కుర్రవాడి ప్రోగ్రాము మళ్లీ 11 జీబీ దాటింది.