ఈగలు తోలని మనిషి

పనిలేని వాడు ఈగలు తోలుకుంటున్నాడని అంటాము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యులు మైకేల్ ఆష్‌బర్నర్ ఆపాటి పని కూడా చేయలేదు. వచ్చిన ఈగను తోలకపోగా సీసాలో పెట్టి, మేత వేసి, దాని తరతరాల వంశవృక్షం రాస్తూ వృత్తి జీవితమంతా గడిపారు. 1942లో పుట్టి 2023లో కన్నుమూసిన వారి జీవిత కథను, శాస్త్రరంగంలో పైకి రాదలచినవారు చేయకూడని పనుల పట్టికగా యువతకు బోధించడం అత్యవసరమని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

మొదటి పొరపాటు ఈగను ఎంచుకోవడమే. మూడు మిల్లీమీటర్లు కూడా నిండని ఈ పండ్ల ఈగలో తెల్లకళ్ళ మగదాన్ని 1910లోనే గుర్తించిన అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు మోర్గాన్, ఈగల పుణ్యమా అని 1933లో నోబెల్ బహుమతి కూడా పుచ్చుకున్నారు. వెన్నంతా తీసేసిన మజ్జిగను చిలకడానికి కూర్చున్న ఆష్‌బర్నర్ ఈగను కూడా వదిలి, దాని పురుగు దశలోని లాలాజల గ్రంథులను సూక్ష్మదర్శిని కింద పెట్టుకున్నారు. ఆ కణాలలో క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, విడిపోకుండా పదేపదే నకళ్ళు తీసుకొని, వెయ్యికి పైగా పోగులు కలిసిన మోకుల్లా తయారవుతాయి. జన్యువు చురుకుగా పనిచేసే చోట మోకు ఉబ్బుతుంది. ఎక్‌డైసోన్ అనే హార్మోను తగిలిన కొద్ది నిమిషాల్లో కొన్ని ఉబ్బులు, కొన్ని గంటల తర్వాత మరికొన్ని వస్తాయి. కొత్త ప్రొటీన్ల తయారీని ఆపివేస్తే రెండో జట్టు రానే రాదు, మొదటి జట్టు తగ్గనే తగ్గదు. దీన్నిబట్టి, మొదట మేలుకున్న జన్యువుల ప్రొటీన్లే తర్వాతి వాటిని నిద్రలేపి, తమ జన్యువులను తామే నిద్రపుచ్చుతాయని 1974లో ఆయన బృందం ప్రతిపాదించింది. జన్యువులను విడిగా పట్టి చదివే పద్ధతులు వచ్చాక అది నిజమేనని తేలింది. పని పూర్తికాగానే తర్వాతివారిని లేపి తాను తప్పుకునే ఈ ప్రవర్తన, అరవై దాటినా కుర్చీ వదలని పెద్దలకు ఎంత వికృతంగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడితో ఆగినా క్షమించవచ్చు. ఈగల పెంపకంలోని మెలకువలు గురువు శిష్యుడి చెవిలో మాత్రమే ఊదవలసినవి కాగా, వాటన్నింటినీ గుదిగుచ్చి 1989లో వెయ్యి పేజీలు దాటిన ప్రయోగశాల గ్రంథంగా అచ్చువేశారు. తర్వాత కొందరితో కలిసి, ఈగ జన్యువుల గురించి ఎవరికి ఏది తెలిసినా ఒకేచోట దొరికేలా ఫ్లైబేస్ అనే భాండాగారాన్ని నిలబెట్టారు. కేంబ్రిడ్జి దగ్గరి హింక్స్‌టన్‌లో, జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్లలో భద్రపరిచే యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ పుట్టుకలోనూ, నిర్వహణలోనూ ఆయన హస్తముంది. ఈగ జన్యుపటంలోని సుమారు 12 కోట్ల అక్షరాలను చదవడానికి సెలెరా అనే ప్రైవేటు కంపెనీ ప్రభుత్వ నిధులతో నడిచే శాస్త్రజ్ఞులతో చేయి కలిపింది. 2000 మార్చిలో సుమారు 13,600 జన్యువుల వివరం లోకం ముందుకు వచ్చినప్పుడు, ఆ సమాచారం ఎవరైనా తీసుకోగలిగే స్థితిలో ఉండాలని పట్టుబట్టిన వారిలో ఆష్‌బర్నర్ ముందువరుసలో నిలిచారు. కాపలా కాయవలసినవాడే తలుపులు బార్లా తెరిచాడంటే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

అన్నిటికన్నా ఘోరమైనది పేర్ల వ్యవహారం. ఈగ జన్యువులకు పేరు పెట్టే పద్ధతి కవులకు కూడా అసూయ పుట్టిస్తుంది. జన్యువు చెడినప్పుడు ఏమి జరుగుతుందో దాన్నిబట్టి పేరు వస్తుంది గనుక, కళ్ళకు ఎరుపు రావడానికి తోడ్పడే జన్యువు పేరు వైట్. లేకపోతే గుండె ఏర్పడదు గనుక, ఓజ్ కథలోని గుండెలేని రేకుమనిషి పేరిట ఇంకొకటి టిన్‌మ్యాన్. చెడితే ఈగకు కొద్దిపాటి మద్యానికే కైపెక్కుతుంది గనుక మరొకటి చీప్ డేట్. ఎలుకల మీద పరిశోధించే వారిది వేరే యాస, ఈస్టు మీద పరిశోధించే వారిది మరో యాస. జన్యువుల పని చెప్పడంలోనూ ఇదే గందరగోళం: కణంలో ప్రొటీను తయారయ్యే ఒకే పనిని ఒకరు ట్రాన్స్‌లేషన్ అన్నారు, మరొకరు ప్రొటీన్ సింథసిస్ అన్నారు. మనిషికి అర్థమవుతుంది గానీ కంప్యూటరుకు ఆ రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ ఊరంతా తిరిగి గుర్రాన్ని అడిగినట్టు, శాస్త్రజ్ఞులు ఒకరి గుమ్మంలోంచి మరొకరి గుమ్మంలోకి తిరిగేవారు. అందువల్ల ఎందరికో సమావేశాలూ ప్రయాణభత్యాలూ దక్కేవి.

ఆ ఉపాధి మీద దెబ్బ కొట్టడానికి 1998లో ఈగ, ఈస్టు, ఎలుక భాండాగారాల వారు కలిసి జీన్ ఆంటాలజీ అనే ఉమ్మడి పదకోశాన్ని మొదలుపెట్టారు; ఆష్‌బర్నర్ అందులో ప్రధాన సూత్రధారి. జన్యువుల పేర్లు ఎవరికి తోచినట్టు వారు ఉంచుకోవచ్చు. కానీ ఒక్కో జన్యువు చేసే పని ఏమిటి, ఏ పెద్ద ప్రక్రియలో భాగం, కణంలో ఎక్కడ అనే మూడు ప్రశ్నలకు అందరూ ఒకే మాటల్లో జవాబు చెప్పాలి. ప్రతి మాటకూ ఒక నిర్వచనం, ఒక ఏడంకెల సంఖ్య. దీని పొట్టిపేరు జీవో కావడం తెలుగువారికి మాత్రమే పూర్తిగా అర్థమయ్యే విషయం. నేడు దాదాపు 40,000 జీవోలు అమలులో ఉన్నాయి. ఏ సచివాలయమూ జారీ చేయని ఈ ఉత్తర్వులను శాస్త్రజ్ఞులు మారుమాట లేకుండా పాటించడం అనుమానాస్పదం.

ఈ వ్యాసకర్త ఆ దారి తొక్కలేదు. ఇరవై ఏళ్ళు సేకరించిన సమాచారం నా బీరువాలో, నేను స్వయంగా కల్పించిన సంకేతాలతో, మరొకరి కంటపడకుండా భద్రంగా ఉంది. మొన్న తాళం తీసి చూశాను. మూడో గడి పైన రాసిన కుదిమార్పు అనే మాటకు అర్థం ఏమిటో గుర్తు రావడం లేదు. గుర్రం కోసం వాకబు చేస్తున్నాను.