ఫోను పక్కన పెట్టాలంటే ముందు అవతలివాళ్లకు చెప్పాలి

ఉదయం 11 గంటల వేళ బెంగళూరులో బెళ్లందూరు వైపు ఏ టెక్ పార్కు గేటు ముందైనా చూడండి. టీ బండి చుట్టూ నలుగురైదుగురు ఉంటారు. ఎడమ చేతిలో గ్లాసు, కుడి చేతిలో ఫోను, బొటనవేలు పైకీ కిందికీ. మాటలు తెలుగులోనే, సగంలో ఆగిపోతూ. పది నిమిషాలకు గ్లాసు బండి మీద పెట్టేసి లోపలికి పోతారు. దీన్ని బ్రేక్ అంటున్నాం గానీ, కంటి లెక్కలో వీళ్లు పనిలోంచి బయటికి రానేలేదు. మానిటర్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఫోను 35, 40 దగ్గరే ఉంటుంది. కంటి కటకాన్ని సర్దే కండరానికి పని తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

ఆ కండరం వదులయ్యేది చూపు 6 మీటర్లు దాటినప్పుడే. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది అందుకే. ఎదురు అపార్ట్‌మెంట్ మీది నీళ్ల ట్యాంకు చాలు. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల దాకా కొట్టుకునే రెప్ప, తెర ముందు సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతుంది. ఏసీ గాలి తోడై కంటి మీది తడి పొర ఆరుతుంది. సాయంత్రానికి ఇసుక పడ్డట్టు గరగర అందుకే. దీనికి తెర నీలి వెలుగును అడ్డుకునే బ్లూ లైట్ అద్దాలు కొనేవాళ్లున్నారు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షలో 17 ప్రయోగాలను కలిపి చూసి, కంటి అలసట మీద వాటి ప్రభావం పెద్దగా కనపడలేదని తేల్చింది. ఆ డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోవచ్చు.

కంటి సంగతి తేలిక. చేతిని ఫోను మీద నుంచి తీయడమే కష్టం. దానికి ఈ ఊరు కనిపెట్టిన మందు వారాంతపు డిటాక్స్, అంటే ఫోనుకు రెండ్రోజుల సెలవు. శుక్రవారం రాత్రి కూర్గుకో సకలేశపురకో బండి కట్టడం, ఆదివారం రాత్రికి తిరిగి రావడం, సోమవారం పొద్దున గుట్టగా పడి ఉన్న మెసేజ్‌ల ముందు కూర్చోవడం. కాఫీ తోటలు చూడటం మంచిదే, కాదనను. కానీ మూడు నెలలకోసారి ఉపవాసం ఉండి మిగతా రోజుల్లో వేళాపాళా లేకుండా తిన్నట్టే ఇదీ. అలవాటు ఉన్నది రోజువారీ గంటల్లో, మార్పు కూడా అక్కడే జరగాలి.

రోజువారీ విరామం ఎందుకు నిలవదు? మనసు గట్టిది కాదని మనల్ని మనమే తిట్టుకుంటాం. నా ఉద్దేశంలో కారణం అది కాదు. బెంగళూరులో ఫోను వినోదం మాత్రమే కాదు, ఇంటి తాళం కూడా. గేటు దగ్గర పాలవాడు నిలబడితే యాప్ మోగుతుంది. ఆటోకు యూపీఐ, బ్యాంకుకు ఓటీపీ అన్నీ అందులోనే. అంతకన్నా ముఖ్యం, అవతలి కొసన మనిషి ఉంటాడు. మారతహళ్లి పీజీలో ఉన్న అబ్బాయి రాత్రి గంటసేపు ఫోను ఆపేస్తే నెల్లూరులో ఉన్న అమ్మ మూడుసార్లు చేసి, ఆ తర్వాత రూమ్మేట్‌కు చేస్తుంది. మేనేజరేమో మెసేజ్ చూసినట్టు గుర్తు రాలేదని ఇంకోటి పంపుతాడు. ఒక్కడే తీసుకునే విరామం చుట్టుపక్కల అందరికీ కంగారు పుట్టిస్తుంది. ఆ కంగారు తిరిగి అతని దగ్గరికే వస్తుంది.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ ఊరివాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు. అక్కడ 2022 నుంచి సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా ఇళ్లలో టీవీలు, ఫోన్లు బంద్. ఊరంతా ఒకేసారి ఆపడంతో ఆ గంటన్నరలో ‘నాకేదో వచ్చి ఉంటుంది’ అన్న బెంగకు చోటే లేదు. మనకు సైరన్ లేదు కాబట్టి ఆ ఒప్పందాన్ని మనమే కుదుర్చుకోవాలి.

అన్నీ ఆపేయడం కూడా పరిష్కారం కాదు. 2019లో అచ్చయిన ఒక ప్రయోగంలో 237 మందిని గుంపులుగా విడదీశారు. నోటిఫికేషన్లు రోజుకు మూడుసార్లు మూటగట్టి వచ్చినవాళ్లకు ఒత్తిడి తగ్గింది. పూర్తిగా ఆపేసినవాళ్లకు ఆందోళన పెరిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కాబట్టి ఐఫోన్‌లో షెడ్యూల్డ్ సమ్మరీ పెట్టుకుని మధ్యాహ్నం 1, సాయంత్రం 6, రాత్రి 9 గంటలకు వచ్చేలా చేసుకోండి. ఆండ్రాయిడ్‌లో యాప్‌ల వారీగా శబ్దం తీసేసి అవే వేళల్లో మీరే చూసుకోవాలి. బ్యాంకు, గేటు యాప్, కాల్స్ మాత్రం ఈ మూటలో వేయకండి. వాట్సాప్‌లో బంధువుల గ్రూపును ఆర్కైవ్‌లో పడేస్తే చాలు, గుడ్ మార్నింగ్ పూలు నిశ్శబ్దంగా పోగుపడతాయి. గ్రూపులోంచి బయటికి వస్తే మాత్రం పెద్దమ్మ పెళ్లిలో అడుగుతుంది.

రాత్రికి ఫోను మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్. ఇందులో చాలామంది వదిలేసే మీట ‘రిపీట్ కాలర్స్’. అది వేసి ఉంటే ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు 3 నిమిషాలే. దీన్ని ఇంట్లో ముందే చెప్పాలి: “అమ్మా, పది దాటాక ఫోను మోగదు. నిజంగా అవసరమైతే పెట్టేసి వెంటనే మళ్లీ చెయ్యి, అప్పుడు మోగుతుంది.” ఈ ఒక్క మాట లేకపోతే మిగతా సెట్టింగులన్నీ వారం తిరక్కుండానే ఊడిపోతాయి.

యాప్ టైమర్లు పనిచేయడం లేదని ఫిర్యాదు. పనిచేయవు మరి, తాళమూ తాళంచెవీ ఒకరి దగ్గరే ఉంటే. అరగంట పరిమితి దాటగానే ‘ఇంకో 15 నిమిషాలు’ అన్న బొత్తాం అక్కడే కనిపిస్తుంది. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను భార్యతోనో రూమ్మేట్‌తోనో పెట్టించుకుని, మీరు తెలుసుకోకుండా ఉంటే అప్పుడు పరిమితికి అర్థం.

ఫోనును పడకగది బయట చార్జింగ్‌కు పెట్టమని చెప్పేవాళ్లు ముగ్గురుండే పీజీ గది చూసి ఉండరు. అక్కడ మంచమే ఆఫీసు, మంచమే భోజనాల బల్ల. చేతికి అందే ప్లగ్గు వదిలేసి తలుపు పక్క ప్లగ్గు వాడటమే చేయగలిగింది. లేచి నాలుగడుగులు వేయాల్సి వస్తే సగంసార్లు లేవబుద్ధి కాదు. అలారం కోసమని ఫోను దిండు కిందికి రాకుండా ఒక బల్ల గడియారం కొనాలి. రాత్రి తెర వెలుగును మాత్రమే తిట్టిపోయడం కూడా అతిగా ఉంది. 2015 నాటి ఒక ప్రయోగంలో పడుకునే ముందు 4 గంటలు టాబ్లెట్‌లో చదివినవాళ్లకు అచ్చు పుస్తకం చదివినవాళ్ల కన్నా నిద్ర పట్టడం ఓ 10 నిమిషాలే ఆలస్యమైంది. నిద్రను అంతకన్నా ఎక్కువ తినేవి రీల్స్, అర్ధరాత్రి ఆఫీసు మెయిలు.

పగటిపూట ఖర్చు లేని విరామం మెట్రోలో ఉంది. వైట్‌ఫీల్డ్ వైపు పర్పుల్ లైన్, 2025 ఆగస్టులో మొదలైన ఎలక్ట్రానిక్ సిటీ ఎల్లో లైన్ చాలా దూరం నేలకు పైన నడుస్తాయి. కిటికీలోంచి కనిపించేదంతా 6 మీటర్ల అవతలిదే. క్యాబ్‌లో మాత్రం ఫోను చూస్తే కడుపులో తిప్పుతుంది, ఎందుకంటే బండి కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంటే కదలడం లేదని కన్ను చెబుతుంది.

ఇవన్నీ చేసినా గేమో, పందెమో, స్క్రోలింగో చదువునూ ఉద్యోగాన్నీ మింగేస్తుంటే అది సెట్టింగులకు లొంగేది కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి, ఫోను, ఇంటర్నెట్ వ్యసనానికి చికిత్స చేసే షట్ క్లినిక్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే.

ఇక ఆఫీసు. ఫ్రాన్స్‌లో పని గంటల తర్వాత ఆఫీసు మెయిళ్లు, ఫోన్లు పట్టించుకోకుండా ఉండే హక్కు 2017 నుంచి చట్టంలో ఉంది. ఇక్కడ టీమ్‌లో కుదిరే మాటే చట్టం. వారానికి ఒకరు ఆన్‌కాల్ (అత్యవసరమైతే పలికేందుకు సిద్ధంగా) ఉంటే మిగతావాళ్లు రాత్రి చూడనక్కర్లేదని రాతపూర్వకంగా ఉండాలి. రాత్రి గుర్తొచ్చిన మెయిలును ‘షెడ్యూల్ సెండ్’లో పొద్దున 9కి పెట్టే అలవాటు మేనేజర్ నుంచే మొదలవ్వాలి. కాలిఫోర్నియా ఉదయం 9 గంటల మీటింగు వేసవిలో మనకు రాత్రి 9:30. అరగంటలో ముగిస్తే, పది దాటాక ఫోను మోగదని గీసుకున్న గీత నిలుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే మీటింగు 10:30కి వచ్చి కూర్చుంటుంది. ఎవరూ గీతను జరపకపోయినా అది చెరిగిపోతుంది. అక్టోబరులోనే ఆ మీటింగును వాళ్ల 8 గంటలకు మార్పించుకోవాలి, లేదా దాన్ని వారానికి రెండు రోజులకు తగ్గించమని అడగాలి.