మా బావ చదివిన రెండు ఫైళ్లు

మా బావ ఏదీ చదివి చేసే మనిషి కాదు. కొత్త ఫోను కొంటే అందులో వచ్చే కాగితాలు పెట్టెలోంచి బయటికే రావు. షరతుల పేజీ కనబడగానే కళ్లు మూసుకుని ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేస్తాడు. విండోస్ అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ ‘తర్వాత’ అంటాడు. ఆ తర్వాత అనేది మూడేళ్లుగా రాలేదు.

అంతటివాడు ఆమధ్య ఒక ఫైలు తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు కట్టకుండా వాడుకోవడానికి దించుకున్న క్రాక్, అంటే దొంగ ప్రతితోపాటు వచ్చిన రీడ్‌మీ, అంటే ఎలా వాడాలో చెప్పే చిన్న ఫైలు అది. అందులో ఉన్నవి మూడే ముక్కలు: యాంటీవైరస్ ఆపండి, జిప్‌కి పాస్‌వర్డ్ 1234 కొట్టండి, సెటప్‌ని అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపండి. ఊరికే పంచిపెట్టే సరుక్కి తాళమెందుకని ఆయనకి అనుమానం రాలేదు. ఆ తాళం మనల్ని ఆపడానికి కాదు, యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా.

ఈ ఘట్టాన్ని నేను తలుచుకోని రోజు లేదు. ఒక దొంగ ముందుగా ఉత్తరం రాశాడనుకోండి: ‘అయ్యా, రాత్రికి వస్తున్నాను. కుక్కని కట్టెయ్యండి. వీధి తలుపు గడియ తీసి ఉంచండి. బీరువా తాళంచెవులు నాకు అందేచోట పెట్టండి.’ ఇంటాయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. కుక్కని కట్టేశాడు. అది మొరిగితే కసిరాడు. తాళంచెవులు బయటపెట్టి, పాపం చీకట్లో తట్టుకుని పడతాడేమోనని దీపం కూడా వెలిగించాడు. మా బావ చేసిందదే. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ ఎర్రెర్రగా మొత్తుకుంది. ‘ఇది ప్రతిదానికీ ఇంతే’ అని దాని నోరు నొక్కేశాడు.

అప్పుడు తెర మీద విండోస్ అప్‌డేట్ కిటికీ ఒకటి ప్రత్యక్షమైంది. నకిలీది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకి తాళమేసి, విప్పడానికి డబ్బడిగే దొంగ సాఫ్ట్‌వేర్. అందులో స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచేదానికి ఇది అలవాటే: ముందు తెర కట్టి, వెనక ఫైళ్లకి తాళాలేసుకుంటూ పోతుంది. అసలు అప్‌డేట్‌కి ఏనాడూ అయిదు నిమిషాలివ్వని మా బావ దీనికి మాత్రం మౌస్ ముట్టుకోకుండా చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఆయన జీవితంలో పూర్తికానిచ్చిన అప్‌డేట్ అదొక్కటే.

అయ్యేసరికి ప్రతి ఫైలు పేరుకీ చివర నాలుగక్షరాల తోక మొలిచింది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత నకళ్లు, షాడో కాపీలు, తుడిచిపెట్టుకుపోయాయి. ‘బ్యాకప్ ఉందిలేరా’ అన్నాడు ధీమాగా. ఉంది. ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు రెండేళ్లుగా అదే కంప్యూటర్‌కి గుచ్చి ఉంది. దాన్నిండా తోకలే. మూడు కాపీలు, రెండు రకాల సరంజామా, ఒకటి వేరేచోట అని 3-2-1 లెక్క ఒకటుంది. మా బావది 2-1-0.

ఇక ఆయన చదివిన రెండో ఫైలు. దాని పేరూ రీడ్‌మీయే. ‘కంగారుపడకండి, మీ ఫైళ్లన్నీ తిరిగొస్తాయి’ అని మొదలు. ధర 980 డాలర్లు, 72 గంటల్లోపు సంప్రదిస్తే సగానికి సగం, 490. నమ్మకం కుదరడానికి ఒక ఫైలు ఉచితంగా విప్పి చూపిస్తారట. ‘ఎంత పద్ధతిగా రాశారో చూడరా’ అన్నాడు.

నేను వెళ్లేసరికి ఒక్కొక్క ఫైలు తోకా చెరిపి మళ్లీ జేపీజీ అని రాస్తున్నాడు. అప్పటికి 212 అయ్యాయట. ఒక్కటీ తెరుచుకోలేదు. ఖాళీ పంజరానికి చిలుక అని పేరు పెడితే పలుకుతుందా?

ఈ డీజేవీయూ ఫైలు మొత్తం ముట్టుకోదు, మొదటి 150 కేబీ మేరకే తారుమారు చేస్తుంది. అందుకే పెద్ద వీడియోలు కొన్ని, తల పోయినా, ఎలాగో బాగుపడ్డాయి. ఫోటోకి ఆ తలలోనే ప్రాణం. మిగతాదంతా తాళంచెవి అదృష్టం. తాళం వేసే సమయానికి వాళ్ల సర్వర్ అందితే ఎవరి కీ వాళ్లది. అందకపోతే ఆ రకం బారిన పడ్డవాళ్లందరికీ ఒకటే ఆఫ్‌లైన్ కీ, రెండో రీడ్‌మీలో ఇచ్చే ఐడీ చివర టీ1 అని ఉంటుంది. ఆ కీ బయటపడ్డాక ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వారి ఉచిత పరికరం విప్పగలదు. 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్, ఇంకొందరు కలిసి మొదలెట్టిన నో మోర్ రాన్సమ్ అనే సైటులోనూ ఇలాంటివన్నీ ఉచితమే. బావ ఐడీ చివర టీ1 లేదు. ఆయన నెట్ చాలా స్పీడు.

ఆ ఫోటోల్లో మా అమ్మవి ఉన్నాయి. చివరి ఏడాదివి.

అందుకే బావ ‘100 శాతం గ్యారంటీ’ పరికరం ఒకటి దొరికిందని చూపిస్తే ఆయన చేతిలోంచి మౌస్ లాక్కున్నాను. 2020లో డీజేవీయూని విప్పే పరికరమని చెప్పి జొరాబ్ అనే ఇంకో రాన్సమ్‌వేర్‌ని వదిలారు. నమ్మి నొక్కినవాడికి ఉన్న తాళం మీద మరో తాళం. చావింటికి పరామర్శకొచ్చి గిన్నెలెత్తుకుపోయే జాతి. వీళ్లకి అన్నం ఎలా దిగుతుంది? ‘క్రాక్ వాడాడుగా, తగిన శాస్తి’ అని నవ్వే పెద్దమనుషులూ, మీరూ నోరు ముయ్యండి. క్రాక్ వాడటం తప్పే. దానికి శిక్ష అమ్మ మొహం కనబడకపోవడమా? ఆ డిస్కు పీకి పక్కన పెట్టమని రెండేళ్లుగా చెబుతూ, వెళ్లిన ప్రతిసారీ అది గుచ్చే ఉండటం చూసి, పీకడానికి బద్ధకించి వచ్చేసినవాణ్ణి నేనూ ఉన్నాను.

తోకల ఫైళ్లనీ ఆ రెండో రీడ్‌మీనీ వేరే డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టాం. ఎప్పటికైనా ఎవరైనా ఆ కీలు పట్టుకుంటే పనికొస్తాయి. ఈ సరుకు వెంట పాస్‌వర్డులు దోచే అజోరల్ట్ కూడా రావడం కద్దు కనక, నా ఫోనులోంచి ఆయన పాస్‌వర్డులన్నీ మార్చాను. కంప్యూటర్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేశాను.

ఆదివారం బావ ఫోను.

‘ఏరా, ఈ కొత్త విండోస్‌లో యాంటీవైరస్ ఆపేది ఎక్కడుంది? కనబడి చావట్లేదు. కంగారుపడకు, ఈసారి వేరే సైటులే.’