నూడుల్స్ దేవుణ్ణి మొక్కితే గొడవలు ఆగుతాయా?

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ఎక్కడైనా మతం పేరుతో గొడవ జరిగిందని వార్త రావడం ఆలస్యం, మళ్లీ పైకి తేలుతుంది. సారాంశం ఇదీ: "లోకంలో యుద్ధాలన్నిటికీ మతమే కారణం. అందుకే ఒక అమెరికా కుర్రాడు శాంతి కోసం ఎగిరే నూడుల్స్ దేవుడి మతం పెట్టాడు. ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. ఆ దేవుడి పేరుతో ఇంతవరకూ ఒక్క హత్య జరగలేదు. అందరం అందులో చేరిపోతే పీడా వదులుతుంది." కింద, నెత్తిన చిల్లుల గిన్నె బోర్లించుకున్న ఒకాయన ఫొటో.

నవ్వొచ్చే మాటే. సరదాకి పంపితే నాకేం అభ్యంతరం లేదు. కానీ పంపేవాళ్లలో సగం మంది దీన్ని నిజంగానే ఒక పరిష్కారంగా పంపుతున్నారు, కాదన్నవాళ్లతో అర్ధరాత్రి దాకా వాదిస్తున్నారు కూడా. కాబట్టి ఒక్కో ముక్కా విడదీసి చూడాల్సిందే.

మొదటిది, గొడవలన్నిటికీ మతమే మూలమన్నది. ఇది రాసినవాళ్లు బెంగళూరులో ఉంటూ ఎలా రాశారో నాకు అర్థం కాదు. 2016 సెప్టెంబర్ 12న ఈ ఊళ్లో ఏం జరిగింది? కావేరి నీళ్లు వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. సాయంత్రానికల్లా తమిళనాడు నంబరు ప్లేటు కనిపిస్తే చాలు, బండి తగలబడింది. ఒక్క డిపోలోనే పదుల సంఖ్యలో బస్సులు బూడిదయ్యాయి. ఆఫీసుల్ని మధ్యాహ్నమే మూసేసి అందరినీ ఇళ్లకు పంపారు. తగలబెట్టినవాళ్లూ బస్సుల వాళ్లూ మొక్కే దేవుళ్లు దాదాపు ఒకరే. 1991లోనూ ఇదే కావేరి, ఇవే దాడులు. ఇక 2006 ఏప్రిల్‌లో నటుడు రాజ్‌కుమార్ పోయినప్పుడు దుఃఖంలో ఉన్న అభిమానులే బస్సులు తగలబెట్టారు. ప్రాణాలు పోయాయి, చనిపోయినవాళ్లలో ఒక పోలీసు కూడా ఉన్నాడు. ఆయన అభిమానులకు మతగ్రంథమేమీ లేదు. హీరోల పేరు మీద కొట్టుకోవడం తెలుగువాళ్లకు ఒకరు నేర్పాలా!

ఇంకొంచెం ఇంటి దగ్గరికి వస్తే 1985 కారంచేడు, 1991 చుండూరు. అక్కడ దళితుల్ని చంపింది ఏ దేవుడు గొప్ప అన్న వాదనలో కాదు. కులం మతంలోంచే వచ్చింది కదా అంటారు. సరే, అలాగే అనుకుందాం. మరి కంబోడియా? 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో పదిహేను లక్షల మందికి పైగా చచ్చిపోయారు. ఆ పాలకులు మతాన్నే నిషేధించి బౌద్ధ ఆరామాల్ని మూసేసినవాళ్లు.

మతహింస లేదని నేను అనడం లేదు. 2020 ఆగస్టు 11 రాత్రి ఇక్కడి డీజే హళ్లిలో ప్రవక్తను కించపరిచే ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద గుంపు లేచింది. ఎమ్మెల్యే ఇంటి మీదా పోలీస్ స్టేషన్ల మీదా దాడి చేసింది, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అదే రాత్రి, అదే పేటలో కొందరు ముస్లిం కుర్రాళ్లు చేయీ చేయీ పట్టుకుని ఒక గుడి చుట్టూ నిలబడ్డారు. ఆ వీడియో మనలో చాలామంది చూసిందే. మతమే మనుషుల చేత అన్నీ చేయిస్తుందనుకుంటే, ఈ రెండు గుంపుల్లో దేనికి లెక్క చెబుతారు?

రెండోది, శాంతి కోసం పెట్టిన మతమన్నది. కాదు. బాబీ హెండర్సన్ అనే ఫిజిక్స్ పట్టభద్రుడు 2005లో కాన్సాస్ రాష్ట్ర విద్యామండలికి ఒక వెటకారపు బహిరంగ లేఖ రాశాడు. జీవపరిణామంతో పాటు, సృష్టి వెనక ఎవరో తెలివైన కర్త ఉన్నాడన్న వాదాన్ని కూడా సైన్సు క్లాసులోకి తేవాలని అక్కడ కొందరు పట్టుబట్టారు. అలాగైతే మా ఎగిరే స్పఘెట్టి (ఇటలీ వాళ్ల నూడుల్స్) దేవుడి సృష్టికథకూ సమానంగా టైమివ్వండి అన్నాడాయన. సముద్రపు దొంగలు తగ్గిపోవడం వల్లే భూమి వేడెక్కుతోందని ఆ లేఖలోనే ఒక గ్రాఫు కూడా గీసి చూపించాడు. అది సిలబస్ గొడవ. యుద్ధాలు ఆపడం అతని పని కాదు.

ప్రభుత్వాల గుర్తింపు సంగతి సగం నిజం, అంతే. న్యూజిలాండ్ ఈ మతం వాళ్లకు పెళ్లిళ్లు జరిపించే అనుమతి ఇచ్చింది, 2016లో అక్కడ తొలి పెళ్లీ జరిగింది. ఆస్ట్రియాలో 2011లో ఒకాయన ఈ మతం వాళ్ల తలపాగా అంటూ చిల్లుల గిన్నె పెట్టుకుని డ్రైవింగ్ లైసెన్సు ఫొటో దిగగలిగాడు గానీ, ముఖం పూర్తిగా కనిపిస్తోంది కాబట్టి సరేనన్నామని అధికారులు చెప్పారు. నెదర్లాండ్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2018లో ఇది మతమే కాదని తేల్చేసింది.

ఇక అసలు ముక్క: ఆ దేవుడి పేరుతో ఒక్క హత్యా లేదు. ఒప్పుకుంటాను. కానీ ఎందుకు లేదు? మతాన్ని కొత్తగా కల్పించుకున్నంత మాత్రాన అది మెత్తగా ఉంటుందని ఏమీ లేదు. జపాన్‌లో 1984లో ఒక యోగా తరగతిగా మొదలైన ఓం షిన్రిక్యో, 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలింది. అక్బరు 1582లో దీన్-ఇ-ఇలాహీ పెట్టాడు. అందులో చేరినవాళ్లు కొద్దిమందే, అక్బరుతోనే అదీ పోయింది. సహనం కోసం అంత తపించిన ఆ చక్రవర్తి దక్కనులో అహ్మద్‌నగర్ మీదికి, అసీర్‌గఢ్ మీదికి సైన్యాన్ని పంపడం మాత్రం మానలేదు. ఎందుకంటే అక్కడ కావలసింది రాజ్యం.

నూడుల్స్ దేవుడి కింద రాజ్యం లేదు, మాన్యం లేదు, శ్మశానం లేదు. ఆ దేవుణ్ణి నమ్మినా మానినా మీ అమ్మాయి పెళ్లి ఆగదు, తాత ఆస్తి మీ చేయి జారిపోదు. పోగొట్టుకునేదేమీ లేని చోట కొట్టుకోవడం దేనికి? కన్నడ దేశపు కథే చూడండి. పన్నెండో శతాబ్దంలో కళ్యాణ పట్టణంలో బసవన్న కులం లేదన్నాడు, జనం చేరారు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికి పెళ్లి చేశారు. దాంతో అక్కడి రాజు బిజ్జలుడు ఆ తండ్రులిద్దర్నీ చంపించాడని, ఊరంతా నెత్తురోడిందని, చివరికి బిజ్జలుడూ హత్యకు గురయ్యాడని సంప్రదాయం చెబుతుంది. బోధనలు చేసినంతకాలం సాగింది. పెళ్లి దాకా వచ్చేసరికి కత్తులు లేచాయి.

నమ్మకం లేకపోతే ఈ ఆదివారం బెళ్లందూరులో టు లెట్ బోర్డు కట్టిన ఇల్లు ఒకటి చూడటానికి వెళ్లండి. ఓనరు తెలుగు మాట్లాడే రెడ్డిగారే అయ్యే అవకాశం ఉంది, కాఫీ కూడా ఇస్తారు. అడ్వాన్సు, మెయింటెనెన్సు, కావేరి నీళ్లా బోరు నీళ్లా అన్నీ అయ్యాక మీ గురించి అడుగుతారు. మాది ఎగిరే నూడుల్స్ దేవుడి మతమండీ అని చెప్పండి. ఆయన హాయిగా నవ్వుతారు. నవ్వేసి, "అది సరే బాబూ, ఇంతకీ మీరేమిట్లు?" అంటారు.