రాజధాని పేరు పెన్సిల్‌తో రాసుకోండి

హనుమకొండలో పోటీ పరీక్షల గైడొకటి కొన్నాను. అట్ట మీద ‘సరికొత్త ముద్రణ’ అని ఎర్రటి అక్షరాలు. లోపల కజకిస్తాన్ రాజధాని నూర్ సుల్తాన్! ఆ పేరు 2022 సెప్టెంబరులోనే పోయి, మళ్లీ ఆస్తానా వచ్చింది. దుకాణదారుకు చూపిస్తే, “కొట్టేసి రాసుకోండి సార్” అని పెన్ను చేతికిచ్చారు. పెన్నా? ఆ ఊరికి పెన్సిలే క్షేమం.

పాపం, గైడును మాత్రం ఏమనగలం? అక్మోలిన్‌స్క్ అనే ఆ ఊరే 1961లో త్సెలినోగ్రాద్, 1992లో అక్మొలా అయింది. రాజధాని అప్పటికి దక్షిణాన అల్మాటీలో ఉండేది. 1997లో అధ్యక్షుడు నూర్ సుల్తాన్ నజర్బాయెవ్ దాన్ని దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉత్తరానికి, శీతాకాలంలో ఎముకలు కొరికే గడ్డి మైదానాల్లోకి తరలించారు. మరుసటి ఏడాది ఊరు ఆస్తానా అయింది. 2019 మార్చి 19న ఆయన దిగిపోయారు. 20న తొకాయెవ్ గద్దెనెక్కి, ఊరికి పాత దొరగారి పేరు పెడదామన్నారు. పార్లమెంటు ఆ రోజే సరేనంది. రేషన్ కార్డులో ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి చెప్పులరిగేలా తిరిగినవారు ఆ వేగాన్ని కళ్లకద్దుకోవాలి.

అక్కడ బైతెరెక్ గోపురం ఉంది. 97 మీటర్ల ఎత్తుకెక్కితే నజర్బాయెవ్ గారి అరచేతి ముద్ర, బంగారు వన్నెలో. సందర్శకులు అందులో చెయ్యి పెట్టి కోరికలు కోరుకుంటారట. త్సెలినోగ్రాద్‌లో పుట్టి, అక్మొలాలో పెళ్లాడి, ఆస్తానాలో తాత అయిన పెద్దమనిషి ఒకాయన ఆ వరుసలో నిలబడ్డాడనుకోండి. ఏమి కోరుకుంటాడు? మనవరాలి పెళ్లి శుభలేఖ అచ్చయి వచ్చేదాకా ఊరి పేరు నిలవాలనే కదా! 2022 జనవరిలో జనం రోడ్డెక్కారు, పాత దొర పలుకుబడి కరిగింది, సెప్టెంబరుకల్లా పేరూ పోయింది. చెయ్యి మాత్రం మిగిలింది.

మనం నవ్వకూడదు లెండి. 1323లో ఓరుగల్లును గెలిచిన ఉలుగ్ ఖాన్ దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ జనాన్ని దౌలతాబాద్‌కు నడిపించిన మహానుభావుడూ ఆయనే. మన దగ్గర చేయి సాధన చేసుకుని వెళ్లాడన్నమాట. 2016లో జిల్లాను ముక్కలు చేసి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అన్నారు. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది.

ఇప్పుడు హనుమకొండలో ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన అమ్మాయి చేతిలో మూడు జిల్లాల పేర్లతో కాగితాలుంటాయి. “అసలు మీది ఏ జిల్లా?” అని కౌంటరులో గద్దిస్తారు, దొంగను నిలదీసినట్టు. సిగ్గుండాలి! ఆ పిల్ల గడప దాటలేదు. పేర్లు మార్చింది మీరు, జీవోలు రాసింది మీరు. అఫిడవిట్‌కు డబ్బు మాత్రం నాలుగేళ్లుగా ఉద్యోగం కోసం చదువుతున్న ఆమె కట్టాలా? మార్చినవారి జీతంలో కోయండి.