సోమశిలలో టెంట్ వేసేవాళ్లు ఇది చూసుకోండి
300 వాట్-అవర్ పవర్ స్టేషన్‌తో (అంటే చార్జ్ చేసి వెంట తీస్కపోయే బ్యాటరీ డబ్బాతో) టేబుల్ ఫ్యాన్ తెల్లవార్లూ తిరుగుతదని ఒక వ్యాసంలో రాశారు. తిరగదు. ఏసీ సాకెట్ (ఇంట్లో ప్లగ్ లాంటిది) వాడితే లోపలి ఇన్వర్టర్‌కే కొంత పోయి దాదాపు 250 మిగుల్తది. 50 వాట్ల ఫ్యాన్‌కు అది ఐదు గంటలే. అదే 8 వాట్ల యూఎస్‌బీ ఫ్యాన్ పెట్టుకుంటే రెండు రాత్రులు హాయిగా వస్తది, ఫోన్లకూ మిగుల్తది. ఏసీ బటన్ మాత్రం ఆఫ్ చేయాలి, ఏం పెట్టకున్నా బ్యాటరీ తాగుతనే ఉంటది. 1500 వాట్ల కెటిల్ జోలికి పోవద్దు, వెంటనే ట్రిప్ అయితది.

అన్నిటికన్నా ముఖ్యం, మన పాలమూరు ఎండలకు ఈ పవర్ స్టేషన్‌ను మూసిన కారులో వదిలేయకండి. సోలార్‌తో చార్జ్ చేస్తే ప్యానెల్ ఎండలో, డబ్బా నీడలో ఉండాలె. లోపలి సెల్స్ 45 డిగ్రీలు దాటితే చాలా మోడళ్లలో చార్జింగ్ ఆగిపోతది. కారు 12 వోల్ట్ సాకెట్ నుంచైతే గంటకు 100 వాట్-అవర్ దాకనే ఎక్కుతది, అదీ ఇంజన్ నడుస్తుంటేనే పెట్టండి.