రెండు మిల్లీమీటర్లు ఎక్కువైన షాక్ అబ్జార్బర్ల జతకు

మహారాజశ్రీ షాక్ అబ్జార్బర్ల జత వారి దివ్యసముఖానికి,

తిరుపతి నుంచి తమ ప్రస్తుత యజమాని అనేక నమస్కారాలతో రాసుకొను విన్నపం. నిన్న అలిపిరి తనిఖీ దగ్గర డిక్కీ తెరవమన్నారు. లోపల తమరి కంటే ముందు ఆ ఉద్యోగం చేసిన పాత షాకులు గోనెసంచిలో పడుకొని ఉన్నాయి.

"ఇవేంది సామీ?"

"షాకులు సామీ."

"మరి బండికుండేవి?"

"అవీ షాకులే."

ఆయన నన్ను చూసి, బండి వెనక ఎత్తు చూసి, పక్కకు పెట్టమన్నాడు. ఆయన పని ఆయన చేసినాడు, తప్పు లేదు. తమరి మీద నాకున్న నమ్మకం అంత గొప్పది కాబట్టి పాతవాటిని డిక్కీలోనే వేసుకొని తిరుగుతున్నానని అంతమంది భక్తుల ముందు ఎట్లా చెప్పేది? మా అత్త మాత్రం చెప్పేసింది.

తమరు చెన్నై పుదుపేటలో నూనె కారే గుట్ట మీద కొలువుదీరి ఉండగా దర్శనమిచ్చినారు. ఏడుగురు కూర్చునే పెద్ద బండి వెనక పుట్టినవారు. మాదేమో ఐదుగురు ఎక్కితే టిఫిన్ క్యారియర్‌ను ఒళ్ళో పెట్టుకోవాల్సిన చిన్న కారు. కొత్త జత రేటు విన్న కళ్ళకు తమరు లక్ష్మీకళతో కనిపించినారు. అమ్మినాయన అరవం కలిపిన తెలుగులో "డైరెక్ట్ ఫిట్టింగ్ సార్, స్పానర్ ఉంటే చాలు" అన్నాడు. అవును, స్పానర్‌తో పాటు లేత్ మిషను, వెల్డింగు మిషను, పూర్వజన్మ సుకృతం కూడా ఉంటే చాలు.

పైన కూచున్నారు, ఒప్పుకుంటాను. పొడవు కుదిరింది. కింద మాత్రం తమరి బుష్, అంటే బోల్టు దూరే రబ్బరు కట్టు, దాని బొక్క 14 మిల్లీమీటర్లు, మా బండి బోల్టు 12. రెండంటే రెండు. ఆ సందులో నా జీతం పోయింది, నిద్ర పోయింది, ఇంట్లో మర్యాద పోయింది. గుంట వస్తే టక్, స్పీడ్ బ్రేకర్ వస్తే టక్ టక్. లీలామహల్ సర్కిల్ దగ్గర రోడ్డు నున్నగా ఉన్నా, అలవాటు కొద్దీ ఒక టక్.

మెకానిక్ తమ్ముడు మొదట సైకిల్ ట్యూబు ముక్క చుట్టినాడు. "కూచుంటాదిలేన్నా" అన్నాడు. కూచోలేదు. వాషర్లు వేసినాడు. ఆ పైన, సందు నింపే స్లీవు అనే చిన్న గొట్టం ముక్క కోసం రేణిగుంట రోడ్డు లేత్‌కు పంపినాడు. బయట 14, లోపల 12 అంటే స్లీవు గోడ మందం ఒక్క మిల్లీమీటరు. లేతాయన దాన్ని వేలికి తొడిగి "ఇది స్లీవా, ఉంగరమా?" అని నవ్వి, బోరు మోటారు షాఫ్టుల వెనక నా పని పెట్టినాడు. తొందర చెయ్యమంటే, "బోరు ఆగితే తోట ఎండుతాదన్నా, నీ షాకు ఆగితే ఏమెండుతాది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మెత్తటి ఇనుముతో చేసిచ్చిన ఆ ఉంగరం కొన్నాళ్ళకే కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మళ్ళీ టక్.

పైగా బుష్ బోల్టును, బండి జాకీ మీద వేలాడుతుండగానే బిగించేసినాడు మహానుభావుడు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు దిగినాక బిగించాలయ్యా, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చీలుతుంది అంటే "అట్లాంటివన్నీ పుస్తకాల్లో అన్నా" అన్నాడు.

ఇంక తమరూ గిమరూ నావల్ల కాదు. నువ్వు చేసే పనేందో నీకు గుర్తుందా అసలు? బరువు మోసేది స్ప్రింగు. ఎగిరిన స్ప్రింగును పట్టుకొని, దాని ఊపును లోపలి నూనెలో పిండి, వేడి చేసి గాలికి వదలడం నీ ఉద్యోగం. నువ్వేమో పెద్ద బండి బరువుకు అలవాటు పడినోడివి, మా కారు నీకు ఆనదు. చిన్న గుంటకే బిగుసుకుంటావు. స్ప్రింగు కదలాల్సిన చోట కారంతా లేచి పడుతుంది. చెన్నై నుంచి, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు మీదుగా వస్తుంటే మా అత్త, "ఎట్లా ఇక్కడిదాకా వచ్చినాం గదా, ఒక కట్టు కట్టించుకొని పోదాం" అన్నప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాల?

మా నాయన అంబాసిడర్‌కు వెనక కమాన్ కట్టలో, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులో, ఒక పట్టీ ఎక్కువ వేయించినాడు, ఆ రోజుల్లో ట్యాక్సీవాళ్ళు వేయించినట్టే. పట్టీ ఆ బండిదే, బోల్టు ఆ బండిదే. పెళ్ళివారిని నింపుకొని కొండెక్కి, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగి వచ్చేది. ఏనాడూ టక్ అనలేదు.

మా బావమరిది సలహా వేరే ఉంది: "స్ప్రింగు కూడా పెద్ద బండిదే వేసేయ్ బావా." చుట్లూ వెడల్పూ అంతే ఉండి, తీగ మాత్రం 10 నుంచి 11 మిల్లీమీటర్లకు మందమైతే స్ప్రింగు దాదాపు 46 శాతం గట్టిపడుతుంది, ఒక్క మిల్లీమీటరుకే. వాడి బండిలో బరువును బట్టి వెనక బ్రేకుకు నూనె ఒత్తిడి వదిలే వాల్వు ఉంది. వెనక భాగం లేపినాడు. వాల్వు బండి ఖాళీ అనుకొని బ్రేకు తగ్గిస్తోంది, వీడు ఆరుగురిని ఎక్కించుకొని తిరుగుతున్నాడు. వాడు నాకు సలహా ఇచ్చేది!

చట్టం సంగతి ఎత్తకు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా. వాషర్లను కూడా లెక్కేస్తే ఇల్లమ్మాల.

అయితే ఒక మాట, దొంగమొహమా. నిన్న కొండ దిగేటప్పుడు ఐదుగురం, లగేజీ, లడ్డూ సంచులు. పాత షాకులతో ఆ మలుపుల్లో వెనక సీటోళ్ళు ఒకరి మీదొకరు ఒరిగేవాళ్ళు. నిన్న కారు రోడ్డును పట్టుకొని దిగింది. వాంతి లేదు, ఊగుడు లేదు. మా అత్త కూడా కాసేపు కునుకు తీసింది. ప్రతి మలుపులో టక్, ఆమె నిద్రలోనే "గోవిందా". ఆ రెండు మిల్లీమీటర్లు లేకుంటే నిన్ను నెత్తిన పెట్టుకొని ఊరేగించేవాణ్ణి కదరా!

ఆదివారం చిత్తూరు నుంచి ఒకాయన నిన్ను చూసుకోవడానికి వస్తున్నాడు. ఫోన్‌లో రేటు గురించి బాగా బేరమాడినాడు. ఆయనది ఏ బండో నేనడగలేదు. బోల్టు సైజెంతో ఆయనా అడగలేదు.

ఇట్లు,
డిక్కీలో నీ పాతవాళ్ళను మోస్తున్న
నీ ఇప్పటి ఓనరు